కింది రెండు వరుసలు

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు పాల్వంచలో భద్రాచలం బస్సు ఎక్కాను. జూన్ నెల. ముందురోజు వాన పడింది, కిటికీ పక్క సీట్లన్నీ తడిగా ఉన్నాయి. కండక్టరు నా సంచి చూసి, "ఏం సారూ, పెయింటింగ్ పనా?" అన్నాడు. బ్రష్ పిడి సంచిలోంచి బయటికి కనబడుతోంది. అవునన్నాను. శాసనాల గురించి బస్సుల్లో చెప్పడం మానేసి చాలా కాలమైంది.

సంచిలో చుట్టిన తెల్ల కాగితాలు, మసి డబ్బా, గుడ్డతో చుట్టిన దూది ఉండ, రెండు నీళ్ల సీసాలు, నా భార్య నోటుబుక్కు ఉన్నాయి. ఒకే రాయి కోసం ఆ సంవత్సరం నేను చేస్తున్న మూడో ప్రయాణం అది.

నా భార్య రెండేళ్ల కింద చనిపోయింది. సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేది. సెలవు దొరికితే ఈ ప్రాంతపు పాత రాళ్ల వెంట తిరిగేది. నేను థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ దగ్గర షిఫ్టులు చేసేవాణ్ని. ఆఫ్ ఉన్న రోజు ఆమె వెంట నీళ్ల క్యాన్ మోసేవాణ్ని. ఆమె రాసిన పుస్తకం నేలకొండపల్లి ఇటుకల దిబ్బ దగ్గర, బౌద్ధులతో మొదలవుతుంది. కాకతీయుల కాలపు చిన్న చిన్న గుళ్లు, పొలం గట్ల మీద పడి ఉన్న వీరగల్లులు, గోదావరి ఒడ్డున మండపాలు, జమీందార్ల కోట గోడలు, ఇలా మన కాలం దాకా వస్తుంది. పెద్ద గుళ్ల గురించి అందరూ రాశారు, మిగిలినవి నేను రాస్తాను అనేది. ఆ రాతప్రతిలో 'వైభవం' అన్న మాట ఒక్కసారి కూడా లేదు. సంతాప సభలో మాత్రం వక్తలు ఆమెను ఆ మాటతోనే ముంచెత్తారు. ఒకాయన 'చరిత్ర సరస్వతి' అన్నాడు. ఆమె అయితే లేచి బయటికి వెళ్లేది. నేను ముందు వరుసలో కూర్చున్నాను, వెళ్లలేకపోయాను.

పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది, ఒక్కచోట తప్ప. వీరగల్లుల అధ్యాయం చివర ఆమె రెండు వరుసల స్థలం ఖాళీ వదిలింది. పక్కన పెన్సిలుతో 'మళ్లీ వెళ్లాలి' అని రాసుకుంది.

వీరగల్లు అంటే పోరులో చనిపోయిన మనిషి కోసం నిలబెట్టిన రాయి. కొన్నింటి మీద బొమ్మ మాత్రమే ఉంటుంది, కొన్నింటి మీద అక్షరాలు కూడా. చనిపోయినవాడి గురించి కాక, రాయిని నిలబెట్టిన వాళ్ల గురించి ఆమె ఆ అధ్యాయం రాసింది. ఒకచోట తమ్ముడు, ఒకచోట భార్య, ఒకచోట ఊరంతా కలిసి. ఆ సంగతి మామూలుగా శాసనం చివర ఉంటుంది. అధ్యాయంలో ఆఖరిది అడవి అంచున, ఒక కోయ గ్రామంలో ఉన్న రాయి. దాని మీద ఏడు వరుసలు. పై అయిదు ఆమె చదివింది. ఎవరో ఊరి పశువులను తోలుకుపోతే ఒక మనిషి వెంటపడి, మళ్లించి, చనిపోయాడని ఉంది. కింది రెండు వరుసలు చదవలేదు. ఆ రోజు వాన వచ్చింది. తర్వాత ఆమెకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. తర్వాత దవాఖానాలు.

పుస్తకం వేస్తున్న ప్రెస్సులో ఎడిటర్ ఒకామె ఉంది. మంచి మనిషే, కాని ఓపిక తక్కువ. "సార్, ఆ రెండు లైన్లన్నా ఇవ్వండి, లేదా ఆ రాయినన్నా తీసేద్దాం. పేజీలన్నీ ఆగిపోయినయ్" అని వారానికోసారి ఫోన్ చేసేది. ఆ రాయిని తీసేస్తే అధ్యాయానికి ముగింపు ఉండదు. నా భార్య అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఆగిపోతుంది. అది నాకు తెలుసు, ఎడిటర్‌కూ తెలుసు.

మొదటిసారి మార్చిలో వెళ్లాను. రాయి దాని చోట లేదు. అంతకుముందు అమ్మవారి పాకకు కుడిపక్కన ఉండేది. పాక పోయి స్లాబు వచ్చింది. నేల మీదా గోడలకూ టైల్స్ వేశారు, ముందు ఇనుప గ్రిల్లు. రాయి ఏమైందని అడిగితే ఒకాయన "ఏ రాయి?" అన్నాడు. ఇంకొకాయన "మాకు తెల్వది సారూ" అని బీడీ ముట్టించాడు. టైల్స్ కింద పోయిందేమో అనుకుని గోడ పొడుగునా వేలి కణుపులతో కొట్టి చూశాను. ఎక్కడ కొట్టినా ఒకటే చప్పుడు. గ్రిల్లు బయట నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. ఒకామె, "లోపల ఎవ్వరు లేరు సారూ, తలుపు తియ్యరు" అన్నది.

రెండోసారి ఊరికి పోలేదు, పురావస్తు శాఖ ఆఫీసుకు పోయాను. టైల్స్ తీయించాలంటే కాగితం కావాలని అక్కడి గుమాస్తా ముందే ఫోన్‌లో చెప్పాడు. తీరా వెళ్తే, రిజిస్టరు తిప్పి, "మీ రాయి లిస్టులో లేదు" అన్నాడు.

"అందుకే వచ్చాను. లిస్టులో చేర్చండి."

"చేర్చాలంటే ఇన్‌స్పెక్షన్ జెయ్యాలె. రాయి ఏడున్నది?"

"అదే తెలియదు. టైల్స్ వెనక ఉందని అనుమానం."

ఆయన పెన్ను కింద పెట్టి నన్ను చూశాడు. "సారూ, లిస్టుల లేని రాయి, కండ్లకు కనవడని రాయి. దీనికి పర్మిషన్ ఇమ్మంటున్నరు. నా నౌకరి నాకు ఉండనియ్యరా?"

కోపం వచ్చింది. కాని ఆయన అన్నదాంట్లో తప్పు కనబడలేదు. తప్పు కనబడకపోవడం వల్ల కోపం ఇంకా పెరిగింది. మెట్లు దిగుతుంటే అర్జీ కాగితం కూడా అక్కడే మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి పోలేదు.

భద్రాచలంలో బస్సు మారాను. చర్ల వైపు పోయే బస్సులో కూర్చుని నోటుబుక్కు తీశాను. పన్నెండేళ్ల కింద ఆ రాయిని మేం చదివిన రోజు గురించి ఆమె రెండు పేజీలు రాసింది. రాయి ఎత్తు, వెడల్పు, అక్షరాల వరుసలు, బొమ్మలో మనిషి చేతిలో కత్తి, కాళ్ల దగ్గర మూడు ఆవులు. అంతా కొలతలే. నాకు గుర్తున్నది వేరే.

అప్పుడు ఆ రాయి తెల్లగా ఉండేది. సున్నం పొర మీద పొర పడి, బొమ్మ కూడా సరిగా తెలిసేది కాదు. పొరల మీద అరచేతుల ముద్రలు. చిన్నవీ పెద్దవీ, ఒకదాని మీద ఒకటి. కడిగి చూస్తామని ఊరి పూజారిని అడిగాం. "కడుగుతె కడుగుండ్రి, పుణ్యం" అన్నాడు. మేం కడగలేదు, గీకాం. ఇనుము తగిలితే రాయి దెబ్బతింటుందని ఆమె వెదురు పుల్లలు చెక్కించి తెచ్చింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అక్షరాలు తేలాయి. తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, మసి అద్ది పై సగం అచ్చు తీశాం. అక్షరాలు నలుపు మీద తెల్లగా లేచినప్పుడు ఊళ్లో సగం మంది మా చుట్టూ ఉన్నారు.

"ఏం రాసున్నది టీచరమ్మా?" అని పూజారి అడిగాడు.

ఆమె బళ్లో చెప్పినట్టు చెప్పింది. ఇది దేవుడు కాదు, ఒక మనిషి. పశువుల కోసం పోరాడి చచ్చిపోయాడు. ఎప్పుడో కొన్ని వందల ఏళ్ల కింద. ఇది అతని గుర్తుగా పెట్టిన రాయి. వేలితో ఒక్కో మాట చూపిస్తూ చదివింది. ఆడవాళ్లు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు. వాళ్లు ఆశ్చర్యపోయారని మేం అనుకున్నాం. తిరుగుదారిలో ఆమె చాలా సంతోషంగా ఉంది. "వాళ్ల చరిత్ర వాళ్లకు చెప్పగలిగాం" అన్నది. నేను కూడా సరేనన్నాను.

బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచాను. ఈసారి గుడి దగ్గరికి పోలేదు. మార్చిలో నన్ను చూసి నవ్విన ముసలామె ఇంటి ముందు ఇప్పగింజలు ఎండబోస్తోంది. పూజారికి అక్క అవుతుందట. నన్ను చూసి చేతిలో చాట ఆపింది.

"మల్ల వచ్చినవా? గోడలు కొట్టెటానికా?"

"కొట్టను అవ్వా. రాయి ఎక్కడుందో చెప్తే చూసి పోతాను."

"ఒక్కనివే తిరుగుతున్నవు. టీచరమ్మ ఏది? ఆమె ఉంటే మంచిగ మాట్లాడేది. నువ్వేమో ముంగి లెక్క ఉంటవు."

"చనిపోయింది అవ్వా. రెండేళ్లయింది."

ఆమె చాట కింద పెట్టింది. కాసేపు గింజలను అరచేత్తో సర్దింది. "ఏమైంది బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. "రాయి పెట్టిన్రా?" అన్నది.

నాకు వెంటనే అర్థం కాలేదు. వాళ్లలో చనిపోయినవాళ్లకు రాయి పాతుతారు. లేదు, భద్రాచలంలో గోదావరిలో కలిపామని చెప్పాను.

"అట్లయితే యాడికి పోయి కూసుంటవు?" అన్నది. జవాబు కోసం ఆగలేదు. లోపలికి చూసి కోయ మాటల్లో తమ్ముణ్ని కేకేసింది.

పూజారి బయటికి వచ్చాడు. నా వయసువాడే, జుట్టు నాకన్నా నల్లగా ఉంది. అక్క చెప్పింది విని, నన్ను చూసి, చెప్పులు వేసుకున్నాడు. "రా సారూ, చూపిస్త" అన్నాడు. అంత తేలికగా. మార్చి నుంచి నేను పడ్డ తిప్పలన్నీ గుర్తొచ్చి మండిపోయింది.

"అన్నా, ఈ మాట మార్చిలోనే చెప్తే ఏం పోయేది?"

"అప్పుడు నువ్వు రాయి యాడున్నదని అడిగినవు. ఎందుకని మేం అడగలే. ఆఫీసోళ్లను తోలుకొస్తవని భయపడ్డం."

వాగు ఒడ్డున, ఊరికి దూరంగా, వాళ్ల పెద్దల రాళ్లు వరుసలుగా ఉన్నాయి. ఏ గట్టు వాళ్లవి ఆ వరుసలో. గట్టు అంటే వాళ్లలో వంశం లాంటిది. ఆ వరుసలకు కొంచెం ఎడంగా, ఒంటరిగా, మా రాయి. సున్నం ఒక్క చుక్క లేదు. పదేళ్ల పైన వానలు నేరుగా పడి పై వరుసల్లో అక్షరాల అంచులు అరిగిపోయాయి. సున్నం పొరలు ఇన్నాళ్లూ వాటిని కాపాడాయని అప్పుడు తెలిసింది. మా అచ్చు ఇంట్లో లేకపోతే ఆ అయిదు వరుసలు ఇప్పుడు ఎవరూ చదవలేరు. బొమ్మలో మనిషి నడుము దాకా కనబడుతున్నాడు. ఆవులు, వాటి కింద ఉండే రెండు వరుసలు నేల లోపల ఉన్నాయి. చనిపోయినవాళ్ల రాళ్లను పాతినట్టే లోతుగా పాతారు.

నేను మోకాళ్ల మీద కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టాను. వానకు మెత్తగా ఉంది. మూరెడు తవ్వితే చాలు.

"అన్నా, కొంచెం మట్టి తీస్తాను. గంట పని. అచ్చు తీసుకుని మళ్లీ ఎట్లా ఉందో అట్లా పూడుస్తాను."

"వద్దు సారూ."

"రాయిని కదపను. పక్కన మట్టి మాత్రమే."

"మీరే చెప్పిన్రు గద, సచ్చిపోయిన మనిషని" అన్నాడు. కోపంగా కాదు. "సచ్చిన మనిషిని తవ్వుతరా?"

నేను వాదించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది కాని, చాలాసేపు వాదించాను. కింద మనిషి ఎవరూ లేరని, ఇది గుర్తురాయి మాత్రమేనని, ఆ రెండు వరుసల్లో రాయి నిలబెట్టినవాళ్లు ఎవరో ఉంటుందని, అతను ఎవరివాడో తెలిస్తే మీకే మంచిదని. ఆయన అంతా విన్నాడు.

"తెలుస్తది. మావాడు కాకపోతే?"

"కాకపోతే ఏమవుతుంది?"

"రేపు మేం వాని వంశపోళ్లం, ఈ జాగ మాదని ఎవడన్న వస్తె? మా పోడుకే పట్టా కాయిదం కోసం ఎన్ని ఏండ్లు తిరిగినమో మీకు ఎరుకేనా? నువ్వు రాసుకపోతవు. అచ్చయితది. అచ్చయినంక అది కాయిదం అయితది."

అయినా ఊరుకోలేక, "మరి అమ్మవారి పక్కనుంచి ఎందుకు తీశారు? అక్కడే ఉంచితే సరిపోయేది కదా" అన్నాను. తప్పు వాళ్ల మీదికి నెట్టాలని ఉంది నాకు.

ఆయన వాగు ఒడ్డు బండ మీద కూర్చున్నాడు. "ఎట్ల ఉంచుతం సారూ? తల్లి పక్కన సచ్చినోన్ని పెడతమా? మీరు పోయినంక నెల రోజులు పంచాయితీ నడిచింది. తీసినం. తీసినంక యాడ పెట్టాలె? ఏ గట్టోడో తెల్వదు. ఏ వరుసల పెడితే ఆ వరుసోళ్లు ఒప్పుకోలే. అందుకే పక్కకు పెట్టినం. ఊర్కె పారెయ్యలే, మర్యాదగనే పాతినం. కోడిని కోసినం."

"అంతకుముందు ఏం చేసేవాళ్లు ఈ రాయికి? ఆ సున్నం చేతులు ఎందుకు?"

పన్నెండేళ్ల కింద అడగాల్సిన ప్రశ్న అది. నోటుబుక్కులో దాని గురించి ఒక్క మాట లేదు. గీకి తీసేసిన సున్నం మందం మాత్రం ఉంది.

"తొలకరి వాన పడ్డంక గొడ్లను అడవికి ఇడుస్తం గద. ఇడిసే ముందర ఊరి గొడ్లన్నిటిని తోలుకొచ్చి ఈయన ముంగట ఆపేటోళ్లం. ఇంటికొకలు సున్నంల చెయ్యి ముంచి రాయికి అద్దాలె. మా తాత, ఆయన తాత, అందరు గట్లనే."

"ఎందుకు?"

"తప్పిపోయిన గొడ్డును తిరిగి తోలుకొస్తడని" అన్నాడు. "దొంగలు తోలుకపోయినా ఇడువడు, ఎంట పడతడు అనేటోళ్లు."

అయిదు వరుసలు చదవడానికి మాకు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. వాటిలో ఉన్న సంగతి ఆ రోజు చుట్టూ నిలబడ్డ ప్రతివాడికీ ముందే తెలుసు. రాయిని తర్వాత తర్వాత ఎవరు నిలబెట్టి ఉంచారన్నది కూడా ఆ చేతుల ముద్రల్లోనే ఉంది. మేం వాటిని వెదురు పుల్లలతో, చాలా జాగ్రత్తగా, గీకేశాం.

"పశువులను మళ్లీ ఆపవచ్చు కదా అన్నా? ఇక్కడే, ఈ ఒడ్డునే."

ఆయన నవ్వాడు. "గట్టు తెల్వని సచ్చినోని ముంగట గొడ్లను పెడితే, వాడు యాడికి తోలుకపోతడో!"

వాగు దాటి పశువులు పోతున్నాయి. తోలేవాడు ఫోన్‌లో మాట్లాడుకుంటున్నాడు. ఈ వైపు చూడలేదు. మట్టి తడి నా ప్యాంటు మోకాళ్లకు అంటుకుంది. కాగితాలు సంచిలోంచి తీయనే లేదు.

మధ్యాహ్నం బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఎడిటర్‌కు ఫోన్ చేశాను.

"దొరికిందా సార్?"

"దొరికింది. చదవడానికి లేదు."

"పగిలిపోయిందా?"

"లేదు. పాతిపెట్టారు."

"అయ్యో. మరి తీసేద్దామా?"

"వద్దు. ఆ రెండు వరుసలు నేను రాసి పంపిస్తాను."

రాయడానికి పది రోజులు పట్టింది. మొదట రాసిన దాంట్లో 'దురదృష్టవశాత్తు' అని ఉంది, కొట్టేశాను. 'కాలగర్భంలో' అని వచ్చింది, అది ఎట్లా వచ్చిందో తెలియదు, అదీ కొట్టేశాను. రెండు వరుసల్లో ఇమడలేదు, ఆరు వరుసలయింది. పంపిన రోజే ఎడిటర్ ఫోన్ చేసింది.

"సార్, 'మేము చదివి చెప్పే వరకు ఇది అమ్మవారి పక్కన ఉండేది' అని రాశారు. ఇది మేడమ్‌కే చెడ్డపేరు గద. 'ప్రస్తుతం వాగు ఒడ్డున ఉన్నది' అంటే చాలదా? అబద్ధం కాదు అది."

అబద్ధం కాదు. ఒక రోజంతా ఆ వాక్యం నన్ను పట్టుకుంది. ఆమె పేరు మీద వచ్చే ఒకే ఒక్క పుస్తకం. మొదటిసారి చదివేవాళ్లకు ఆమె గురించి మిగిలేది అదే. తెలియనట్టు ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. పూజారి ఆ పుస్తకం కొనడు. అతని అక్కకు చదువు రాదు. ఇంకో పక్క, ఆమె నోటుబుక్కులో తన తప్పులను ఎర్ర ఇంకుతో కొట్టి, పక్కనే సరైనది రాసి, తేదీ వేసేది. వాటిలో ఒక్కటి కూడా చింపేయలేదు. నాకు కావలసినట్టు ఆమెను దిద్దడానికి నేనెవణ్ని అనిపించింది. ఆమె బతికి ఉంటే ఏమనేదో నాకు తెలుసునని చెప్పను. తెలియదు. బాధపడేది, అది మాత్రం తెలుసు.

ఊరి పేరు తీసేయమన్నాను. పూజారి భయం పూజారిది. మిగతాది ఉంచమన్నాను.

అధ్యాయం చివర ఇప్పుడు ఇలా ఉంది. ఈ రాయి కింది భాగం నేలలో ఉంది, అందులోని రెండు వరుసలు మేము చదవలేదు. మేము చదివి చెప్పే వరకు ఇది అమ్మవారి పక్కన ఉండేది. తొలకరి వాన తర్వాత పశువులను అడవికి వదిలే ముందు ఊరివాళ్లు వాటిని దీని ముందు ఆపి, సున్నపు చేయి అద్దేవారు. తప్పిపోయిన పశువును ఇతను తిరిగి తోలుకొస్తాడని వారి నమ్మకం. ఈ సంగతి మేము ఆలస్యంగా అడిగాము. ఇప్పుడు ఆ ఊళ్లో పశువులను ఈ రాయి ముందు ఆపడం లేదు.